పిలా కొండల బాట



నేను ముప్పది మూడేండ్లు పిల్లలకు శబ్దములు, ధాతువులు, ఛందస్సు బోధించినవాడను. అట్టివాడు సైకిలు త్రొక్కుటను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వవచ్చును. నవ్వుడు, నేనును మొదట నవ్వితిని. 2019 సంవత్సరపు వేసవిలో మా రెండవ అమ్మాయి యింట రెండు మాసములు ఫ్రాన్సు దేశమున నుండి వచ్చితిని. ఆ దేశమును మన పెద్దలు పరాసు దేశమని వ్యవహరించిరి. బొబ్బిలి కథ వినినవారికి ఆ మాట క్రొత్త కాదు. అచ్చటికి పోయివచ్చినవారు పారిసు నగరమును, అందలి యినుప గోపురమును వర్ణింతురు. ఆ గోపురమును నేను చూడలేదు. నేను చూచినది ఒక్క కొండదారి. దానినే మీకు చెప్పదలచితిని.

మా అల్లుడు పని చేయు పట్టణము పేరు సేంతెతియెన్. అది లియోన్ నగరమునకు నైరృతి దిశను సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 500 మీటర్లు మించిన యెత్తున నున్నది. పూర్వము ఆ యూరు బొగ్గుగనులకును, తుపాకులకును, పట్టు పట్టీల నేతకును పేరు పొందినది. 1973లో కూరియో యను గని మూతపడినది, ఇప్పుడది ప్రదర్శనశాల. సైకిళ్లకు గూడ ఆ యూరు పుట్టినిల్లు. ఫ్రాన్సు దేశమున తయారైన మొదటి సైకిలును 1886లో అచ్చటనే గోత్యే యను సోదరులు చేసిరని ప్రసిద్ధి. తరువాత ఆ యూరి కర్మాగారమొకటి సైకిళ్లు చేసి 'ఇరోందెల్' అను పేర దేశమంతట అమ్మినది. ఆ మాటకు వానకోవెల యని యర్థము. పేరు పెట్టుటలో వారికి రుచి లేకపోలేదు.

పట్టణమునకు దక్షిణపు టంచున ఇండ్లు ముగిసినచోటనే కొండలు మొదలగును. వాటికి పిలా యని పేరు. అందలి యున్నత శిఖరము 1,432 మీటర్లు. 1974 నుండి ఆ ప్రాంతమునంతను ప్రకృతి వనముగా రక్షించుచున్నారు. అడవులన్నచో మన నల్లమలను తలపోయకుడు. అచ్చటి చెట్లు సూదులవంటి యాకులు గలవి. మన దేవదారు జాతికి చుట్టములు. నిటారుగా, ఒకదాని ప్రక్క నొకటి, తరగతిలో నిలబెట్టిన పిల్లలవలె నుండును. అచ్చటచ్చట వెడల్పాకుల చెట్లు కలవు. నేల నెల్లెడల నాచు, ఫెర్నులు, చిన్న నల్లని పండ్ల పొదలు.

ఈ యడవి నడుమ నుండి రోన్ నది లోయకు పోవు రాచబాట యొకటి కలదు. అది పట్టణము విడిచి, ప్లాన్‌ఫ్వా యను గ్రామము మీదుగా, 'గ్రాన్ బ్వా' అనగా పెద్దయడవి యను వనమును జొచ్చి, 1,161 మీటర్ల యెత్తున నొక కనుమను దాటి, ఆవలివైపున బూర్ అర్జాంతాల్ అను చిన్న యూరికి దిగును. ఆ కనుమ పేరు కోల్ ద లా రెపుబ్లిక్. గణతంత్రపు కనుమ యని చెప్పవచ్చును. పట్టణము నుండి కనుమకు సుమారు 600 మీటర్ల యెగువ. మోటారుబండి వానికి ఇది పావుగంట, ఇరువది నిమిషముల పని. సైకిలు వానికి ఇది ఒక పరీక్ష.

ఆ పరీక్షలో నేను మొదట తప్పితిని. ఎట్లు తప్పితినో చెప్పెదను.

నేను ఉద్యోగము చేసిన నాళ్లలో ప్రతిదినము రాకపోకలకు కలిపి ఎనిమిది మైళ్లు సైకిలు త్రొక్కినవాడను. మట్టిదారిలో, ఎదురుగాలిలో, వెనుక బియ్యపు బస్తాతో సయితము త్రొక్కితిని. కావున మా అల్లుడు తన సైకిలు చూపి, 'మామయ్యగారూ, ఈ మీటలు నొక్కిన యెడల గొలుసు ఒక చక్రము నుండి వేఱొక చక్రమునకు మాఱును; ఎత్తు వచ్చినప్పుడు మార్చుకొనవలెను' అని చెప్పగా నేను లక్ష్యపెట్టలేదు. 'నాయనా, నాకు కాళ్లున్నవి; మీటలు అక్కఱలేదు' అంటిని. అమ్మాయి వచ్చి, 'నాన్నా, ఎందుకు మీకీ పంతము? బ్యాటరీ సైకిలు అద్దెకు దొరకును గదా, అది తెప్పించెదము' అనినది. అది మఱింత యవమానముగా తోచినది. ఉదయము తొమ్మిది గంటలకు బయలుదేరితిని.

ఆ దేశమున కుడిప్రక్కగా నడువవలెను. ముప్పదేండ్ల యెడమప్రక్క యలవాటు ఒక్క దినమున పోదు. మొదటి కూడలిలోనే నేను తప్పుప్రక్కకు తిరిగితిని. కాని యొక్క సంగతి చెప్పక తప్పదు. ఒక్క మోటారువాడును నాపై కేకవేయలేదు. ఊరి లోపల నొక మీటరు, ఊరి వెలుపల మీటరున్నర యెడము విడిచి గాని సైకిలును దాటిపోరాదని అచ్చట చట్టము కలదు. ఎడము చాలనిచో వెనుకనే మెల్లగా వత్తురు. మన రోడ్లమీద సైకిలు వాని బ్రతుకు తలచుకొని నిట్టూర్చితిని.

పట్టణము దాటిన పిదప దారి లేచినది. మొదటి అరమైలు పౌరుషముతో త్రొక్కితిని. రెండవ అరమైలు నిలుచుండి త్రొక్కితిని. పిదప నా యెడమ మోకాలు మాటలాడ మొదలిడినది. ఊపిరి గొంతులోనే తిరుగుచున్నది, లోనికి పోదు. అట్టి సమయమున నా వెనుక నెవరో సంభాషించుచున్న చప్పుడు వినవచ్చెను. తలనెరసిన దంపతులు, నాకన్న నాలుగైదేండ్లు పెద్దవారే కాని చిన్నవారు కారు, ప్రక్కప్రక్కన సైకిళ్లమీద కబుర్లు చెప్పుకొనుచు వచ్చుచుండిరి. ఆమె నన్ను దాటుచు, 'బోంజూర్' అని నమస్కరించి, 'కురాజ్' అనినది. ధైర్యము వహింపుమని దాని యర్థము. వారి కాళ్లు కవ్వమువలె వడివడిగా తిరుగుచుండెను; బండి మాత్రము మెల్లగా పోవుచుండెను. నా కాళ్లు గానుగవలె తిరుగుచుండెను. నేను దిగితిని. ప్లాన్‌ఫ్వా గ్రామము ఇంకను కంటికి కనబడలేదు. సైకిలు నడిపించుకొని యింటికి వచ్చితిని. అమ్మాయి యేమియు అడుగలేదు, మజ్జిగ యిచ్చినది.

ఆనాటి రాత్రి మా అల్లుడు కాగితము, కలము తీసికొని నాకు పాఠము చెప్పెను. ముప్పది మూడేండ్లు పాఠము చెప్పినవానికి వినుటయు రావలెను గదా! ఆయన చెప్పినది మీకును ఉపయోగపడును గనుక వివరించెదను.

సైకిలునకు ముందు పెడళ్ల వద్ద నొక పళ్లచక్రము, వెనుక నొక పళ్లచక్రము ఉండును. మన యూళ్ల సైకిలునకు ముందు సుమారు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నవనుకొనుడు. పెడలు ఒక్క చుట్టు తిరుగునప్పటికి వెనుకచక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును. కాబట్టి ఒక్క చుట్టునకు బండి అయిదు మీటర్లకు పైగా పోవును. సమభూమిపై అది సుఖము. కొండమీద నో, మన దేహమును, బండిని ఆ యయిదు మీటర్ల యెగువ ఒక్కపెట్టున ఎత్తవలెను. మోకాలు ఏడ్వక యేమి చేయును? ఆ క్రొత్త సైకిలునకు వెనుక పది, పదునొకండు పళ్లచక్రములు ఒకదాని ప్రక్క నొకటి కలవు. ముందు 34, వెనుక 34 పళ్లు గల జంటకు గొలుసు మార్చితిమా, ఒక్క చుట్టునకు చక్రము ఒక్కమాఱే తిరుగును. బండి రెండు మీటర్లకు కొంచెము పైగా పోవును. చుట్లు ఎక్కువగును, భారము తగ్గును. కొండ ఎక్కుటకు కావలసిన మొత్తపు శ్రమలో పూచికపుల్లంతయు తగ్గదు. అప్పు ఒక్కమాఱు తీర్పలేనివాడు వాయిదాల మీద తీర్చినట్లు, ఆ శ్రమను చిన్నచిన్న భాగములుగా చెల్లింతుము. అంతే రహస్యము.

ఛందస్సు చెప్పినవాడను గనుక నాకు వేఱొక విధముగా బోధపడినది. గతి మాఱరాదు. కొండ వచ్చినను, పల్లము వచ్చినను కాలి నడక యొక్క తీరుననే యుండవలెను, మాఱవలసినది పళ్లచక్రము. నేనో, చక్రమును మార్పక గతిని మార్చితిని. పద్యము కుంటినది.

ఈ రహస్యమును ఫ్రాన్సు దేశమునకు నేర్పిన వాడు ఆ యూరివాడే, ఆ కనుమ దారిలో నేర్చుకొన్నవాడే. ఆయన పేరు పాల్ ద వివి. 1853లో దక్షిణమున పెర్న్ అను నూర జన్మించి, సేంతెతియెన్‌లో పట్టు వ్యాపారము చేసెను. గ్రీకు, లాటిను భాషల ప్రాచీన గ్రంథములయం దభిమానము గలవాడు. సైకిలుపై మోహము కలిగి వ్యాపారము విడిచి, సైకిళ్ల దుకాణము తెఱచి, 1887లో 'ల సిక్లిస్త్' అను పత్రికను స్థాపించెను. 'వెలోసియో' అను కలము పేరుతో వ్రాయుచుండెను. లోకము ఆయన నా పేరుననే యెఱుగును. శాకాహారి. ఎస్పెరాంతో యను విశ్వభాషకు పరమభక్తుడు. ఈ గుణములన్నియు నొకనియందే కూడుట చూచి, ఈయన మన యగ్రహారమున పుట్టవలసినవాడని నాలో నేననుకొంటిని.

ఆయనను గూర్చి ఒక కథ చెప్పుదురు. ఒకనాడు ఆయన పెద్దయడవి కనుమను ఎక్కుచు రొప్పుచుండగా, ఆయన పత్రిక చదువు కుఱ్ఱవాడొకడు పొగగొట్టము నోట పెట్టుకొని తీరికగా ఆయనను దాటిపోయెనట. వెలోసియో ఆలోచించెను. ఇంకను ఎక్కువ సాధన చేయుట యొక దారి. బండికి తేలికయైన పళ్లచక్రము పెట్టుట రెండవ దారి. సాధనకు దుకాణపు పనిలో తీరిక లేదు. కాబట్టి రెండవ దారి పట్టెను. మొదట చక్రములు రెండు పెట్టి, కొండ పాదమున బండి దిగి గొలుసును చేతితో మార్చుకొనుచుండెను. ఆయన వ్రాతలను చదివిన ఆ యూరి పనివాండ్రు ఒక్కొక్కరొక్కొక్క యుక్తి పన్నిరి. ఇరోందెల్ సైకిలు రకము నొకదానిని చూచి నేను విస్తుపోయితిని. ముందునకు త్రొక్కిన నొక బలము. ఎత్తు వచ్చినప్పుడు పెడళ్లను వెనుకకు త్రొక్కవలెను. అప్పుడును బండి ముందునకే పోవును, తేలికగా! వెనుకకు అడుగువేయుచు పైకి పోవు వింత నేను మఱియెచ్చటను వినలేదు.

ఇంత మేలైన యేర్పాటును లోకము వెంటనే కొనియాడెనా యనగా, లేదు. పరాసులకు తూర్ ద ఫ్రాన్స్ అను సైకిలు పందెము ఎంత ముఖ్యమో మీరు వినియుందురు. అది 1903లో మొదలైనది. ఆ మొదటి యేడు రెండవ విడతలో, లియోన్ నుండి మార్సేయికి పోవు దారిలో, పందెగాండ్రు ఈ కనుమనే దాటిరి. వేయి మీటర్లు మించిన కనుమను ఆ పందెము దాటుట అదియే ప్రథమము. ఓకుత్యురియే అనువాడు ముందుగా ఎక్కి, ఆ విడతను గెలిచెను. ఆ పందెమును స్థాపించిన ఆంరీ దెగ్రాంజ్ అను పత్రికాధిపతి మాత్రము గేరులను మెచ్చలేదు. అవి నలువదియైదేండ్లు దాటినవారికి తగునవి కాని, యువకునకు కండబలముతో గెలుచుటయే గౌరవమని ఆయన మతము. పందెమున గేరులు మార్చు యంత్రమును 1937 వఱకు అంగీకరింపలేదు. అంతవఱకు పందెగాండ్రు కొండ పాదమున దిగి, వెనుకచక్రమును విప్పి, త్రిప్పి, రెండవవైపునున్న పళ్లకు గొలుసు తగిలించుకొని మరల ఎక్కవలసివచ్చెను. చలికి మొద్దుబాఱిన వ్రేళ్లతో ఆ పని యెట్టిదో యూహింపుడు.

నలువదియైదేండ్లు దాటినవారికే యన్న మాట నా యల్లుడు చదివి వినిపింపగా, అమ్మాయి నవ్వినది. నేను కూడ నవ్వితిని. నా వయస్సు ఆ గీతను దాటి చాల కాలమైనది. ఆ పత్రికాధిపతి నాకు అనుమతి యిచ్చియుండగా నేనే కాదనుట యేమి వివేకము?

ఆ కనుమ దారిలో సిగ్గుపడదగిన సంగతి యొకటి జరిగినది గూడ దాచరాదు. మఱుసటి యేడు, 1904లో, పందెగాండ్రు రాత్రివేళ ఆ యడవిలో ప్రవేశింపగా, తమ యూరివాడు గెలువవలెనని సేంతెతియెన్ వారు కొందఱు కఱ్ఱలతో దారికడ్డము నిలిచి, తమవానిని విడిచి తక్కినవారిని కొట్టిరి. వెనుకటి యేటి విజేత మోరిస్ గారాన్ దెబ్బలు తినెను; జెర్బి యను ఇటలీవాడు గాయపడెను. పందెపు పెద్దలు తుపాకులు ప్రేల్చి మూకను చెదరగొట్టిరి. ఊరి యభిమానము దారి తప్పిన నెట్లుండునో మన తిరునాళ్లలోని యెడ్ల పందెములు చూచినవారికి నేను చెప్పనక్కఱలేదు.

పది దినములు నేను ఊరి చుట్టు చిన్నచిన్న మిట్టలమీద మీటలు నొక్కుట అభ్యసించితిని. జూలై మాసమున నొక యుదయము ఆఱు గంటలకు మరల బయలుదేరితిని. వెలోసియో తన పాఠకులకు కొన్ని నియమములు చెప్పియుండెను. వాటి సారము మా అల్లుడు నాకు ముందే చెప్పెను. అలసట రాకమునుపే తెలిసికొని తగ్గవలెనట. ఆకలి కాకమునుపే కొంచెము తినవలెనట, దప్పి కాకమునుపే త్రాగవలెనట. చలి వేయకమునుపే కప్పుకొనవలెనట. దారిలో మద్యము, మాంసము, పొగాకు కూడదట. ముఖ్యముగా మొదటి గంటలలో బలమును దాచుకొనవలెనట. ఒరులు చూడవలెనని యెన్నడును త్రొక్కరాదట. ఈ కడపటిది నాకు తగిలినది. మొదటినాడు నేను త్రొక్కినది ఎవరికొఱకు? నా యల్లుని కన్నులకొఱకు.

అమ్మాయి పులిహోర నాలుగు చిన్న పొట్లములుగా కట్టియిచ్చినది. అరగంటకొక పర్యాయము ఆకలితో నిమిత్తము లేక నాలుగు ముద్దలు తినుచు పోయితిని. మొదటి యెత్తు రాగానే గొలుసును పెద్ద పళ్లచక్రమునకు మార్చితిని. బండి నడక మనిషి నడకకు కొంచెమే యెక్కువ. పోనీయనుకొంటిని. నేను దిగిపోయిన మలుపు వచ్చినది, దానిని దాటితిని. కుడిప్రక్క పట్టణము క్రిందికి జాఱుచుండెను. ప్లాన్‌ఫ్వా చేరునప్పటికి చొక్కా తడిసినది కాని, ఊపిరి నా యధీనమున నుండెను.

ఎత్తు ఎక్కువగా నుండునది అంతవఱకే. ఆ గ్రామము దాటిన తరువాత వాలు తగ్గును, పెద్దయడవి మొదలగును. అప్పటి సుఖమును చెప్పుటకు నాకు మాటలు చాలవు. ఇరుప్రక్కల చెట్లు దారిమీదికి వంగక నిటారుగా నిలిచి, నడుమ నొక సన్నని ఆకాశపు పట్టీని మాత్రము విడుచును. బంకవాసన, తడిమట్టి వాసన. ఎండ పలుకలు పలుకలుగా దారిపై పడుచుండెను. మోటారుబండి చప్పుడు ఆగిన క్షణమున నా గొలుసు చప్పుడును, ఎక్కడనో నీరు పాఱు చప్పుడును తప్ప వేఱొకటి వినరాదు. మోటారులో పోవువానికి ఈ యడవి యొక పచ్చని గోడ. నడచువానికి ఒక దినపు పని. సైకిలుమీద మెల్లగా పోవువానికే అది చెట్టు చెట్టుగా కనబడి, ఒక పూటలో ముగియును.

బయలుదేరిన రెండు గంటల మీద కొన్ని నిమిషములకు కనుమ చేరితిని. శిఖరమున గొప్ప దృశ్యమేదో యుండునని యనుకొంటిని. ఏమియు లేదు. ఎత్తు వ్రాసిన పలక, కొన్ని కట్టడములు, చుట్టును అడవి. దారి ప్రక్కన వెలోసియోకు నిలిపిన స్మారకశిల కలదు. 1922 నుండి, అనగా ఆయన బ్రదికియుండగనే, ఆయన పేర పట్టణము నుండి ఈ కనుమకు సైకిళ్ల యాత్ర మొదలైనది. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు, పందెగాండ్రు అందఱును అందు పాల్గొనుచు వచ్చిరి. ఆ శిల యొద్ద సైకిలు ఆనించి కూర్చుంటిని. ఆ కనుమ నీటికి గూడ నెల్ల. ఉత్తరమున పడిన వాన ల్వార్ నదిలో కలిసి పడమటి మహాసముద్రమునకు పోవును. దక్షిణమున పడినది రోన్ నది వెంట మధ్యధరాసముద్రమున చేరును. నా చేతి గిన్నెలోని నీటిని ఇటు కొంచెము, అటు కొంచెము చల్లితిని. పిల్లచేష్టయే. ఎవరును చూడలేదు.

ఈ దారి యొక్కటే కాదు. బలము కొలది దారులు వేఱువేఱుగా కలవు. పట్టణము నుండి రోష్తయే యను కోటయూరి మీదుగా ఫ్యురాన్ వాగు లోయను పట్టి పోవు దారి నాకు మిక్కిలి నచ్చినది. అచ్చట 1866లో ముగించిన రాతి యానకట్ట యొకటి ఇఱుకైన కొండచీలికలో నిలిచియున్నది. ఆ చోటికి నరకకూపమని పేరు! పట్టణమునకు నీరిచ్చుటకును, వరదలను ఆపుటకును దానిని కట్టిరి. ఆ దారి ల బెసా గ్రామము చేరి, 1,201 మీటర్ల యెత్తున క్ర్వా ద షోబురే యను కనుమకు పోవును. అచ్చటి నుండి అడవిలోనే తూర్పుగా పోయి, ఉయియోన్ కనుమ దాటి, పండ్లతోటల నడుమ రోన్ లోయకు దిగవచ్చును. నిర్మలమైన దినమున ఆ గట్లమీది నుండి ఆల్ప్స్ పర్వతపు మంచు కనబడును; నాకు రెండుమాఱులు పొగమంచే కనబడినది. ఎత్తు ఏ మాత్రము సైపనివారికి, ఆవలివైపున మూతపడిన రైలుదారి భాగములు కొన్ని సైకిలు బాటలుగా మార్పబడినవి. రైలు నిట్టనిలువుగా ఎక్కలేదు గనుక ఆ బాటలలో వాలు స్వల్పము. శీతకాలమున మాత్రము ఈ కొండలను నమ్మరాదు. 'బ్యుర్ల్' అని పిలువబడు ఉత్తరపు గాలి మంచును దారికడ్డముగా పోగులు పెట్టును. మే నుండి సెప్టెంబరు వఱకు సైకిలువానికి తగిన కాలము. రాచబాటమీద లారీలు తిరుగును గనుక వేకువనే పోవుట మేలు.

బూర్ అర్జాంతాల్ నుండి సుమారు 15 కిలోమీటర్లు పోయిన యెడల అనోనే పట్టణము. కాగితము చేయు మోన్గోల్ఫియే సోదరులు 1783 జూన్ 4వ తేదీన పొగతో నింపిన బుడగను జనుల యెదుట ఆకాశమునకు పంపినది అచ్చటనే. ఆ చుట్టుప్రక్కల జనులకు పైకి పోవుటయందు ఏదో పూర్వజన్మ వాసన యున్నట్లున్నది.

వెలోసియో తన డెబ్బదియాఱవ యేట మరణించెను. కొండలలో కాదు, పట్టణపు వీథిలో. 1930లో నొకనాడు సైకిలు చేతపట్టుకొని వీథి దాటుచుండగా ట్రాముబండి తగిలి పడిపోయెను. ఆ యుదయమున ఆయన సెనెకా యను రోము తత్త్వవేత్త లేఖలను చదువుచుండెనని చెప్పుదురు. అర్ధశతాబ్దము ఎగువ దిగువల తిరిగిన వానికి ఎట్టి కీడును చేయని ఆ కొండదారిని, ఆయనను బలిగొన్న ఆ సమమైన వీథిని తలచుకొని నేను ఆ శిల యొద్ద కొంతసేపు మాటలేక యుంటిని.

తరువాత దిగితిని. దిగుట సులభమనుకొందురు, కాదు. బ్రేకులను విడువక పట్టుకొన్నచో చక్రపు టంచులు వేడెక్కును, చేతులు తిమ్మిరెక్కును. మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో విడువవలెను. ఒకమాఱు ముందుది, ఒకమాఱు వెనుకది పట్టవలెను. ఇదంతయు నాకు జ్ఞప్తి కలదు. చలి వేయకమునుపే కప్పుకొనుమన్న నియమము మాత్రము మఱచితిని. తడిసిన చొక్కాతో, అడవి నీడలో, పది పదిహేను కిలోమీటర్లు గాలికెదురుగా దిగి, బూర్ అర్జాంతాల్ చేరునప్పటికి నా దంతములు టకటక కొట్టుకొనుచుండెను. మా అల్లుడు మోటారుతో వచ్చి సంత మైదానమున వేచియుండెను. నా కోటు ఆయన చేతనే యున్నది. ఇంట మఱచి వచ్చితినట.

'మామయ్యగారూ, ఎక్కితిరా?' అనెను.

'ఎక్కితిని గాని, ముందా కోటిటు తెమ్ము నాయనా' అంటిని.